నా పిస్టల్ మీది గీత

...అదేనే, అందుకే చెప్పలేకపోయిన, ఏమనుకోకుండ్రి. మూడు రోజుల సంది మన గ్రూపుల యాదగిరి అడుగుతనే ఉన్నడు. "మల్లేశన్నా, నిన్ను పోలీస్ స్టేషన్ల కూసోవెట్టిండ్రంట, నిజమేనా?" అని. నిజమే తమ్మీ. కూసోవెట్టిండ్రు. నాలుగు గంటలు! జైలుకైతే పోలే, మంచిగనే ఇంటికొచ్చిన. గానీ ఇజ్జత్ మాత్రం ఆ బెంచీ మీదనే మర్చిపోయి వచ్చిన. టైప్ కొడ్దామంటే నాకు వేళ్లు తిరగయ్, అందుకే వాయిస్ పెడ్తున్న. జెర లంబా ఉంటది. చాయ్ తెచ్చుకొని కూసోండ్రి.

ముందుగాల యాదగిరికి ఒక మాట. తమ్మీ, నేను చెప్పిన ఆ నూనె నీ బీరువకు రుద్దుడు బంద్ వెట్టు. ఎందుకో చెప్త, ఆగు.

ఇగ సంగతి ఏందంటే... మీకెరుకే గద, ఫౌజ్ నుంచి వచ్చినంక నేను గడ్డపోతారంల మందుల కంపెనీల మా పెద్దసారు వెంబడి గన్‌మన్‌గ చేస్తున్న. గీ నౌకరీల ఒక కిరికిరి ఉన్నది. గన్ మనదే ఉండాలె, లైసెన్సు గూడ మన పేరు మీదనే ఉండాలె. గన్ ఉంటే పెద్దసారు కార్ల ముందు సీటు. లేకుంటే గేటుకాడ లాఠీ వట్టుకొని లారీలు లెక్కవెట్టుడు. ఈ వయసుల గేటుకాడ నిలవడితే మోకాళ్లు ఉంటయా చెప్పుండ్రి?

కొత్త పిస్టల్ అంటే మన తోని కాదు. సిటీల లైసెన్సు దుకాణంల సెకండ్ హ్యాండ్‌ది సూసిన. ఎవలో రిటైరైన వకీల్‌దంట. దాని కోసం పర్మిషన్లు, కాయిదాలు, స్టాంపులు, ఆర్నెల్లు తిరిగిన. మా బిడ్డ అడ్మిషన్‌కు గూడ గంత తిరగలే. దుకాణం సేట్ పిస్టల్ బల్ల మీద వెట్టి, "మల్లేశం భాయ్, మిషిన్ ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్. గీ ఒక్క గీతనే" అన్నడు. ఎడమ దిక్కు నా చిటికెనేలంత పొడుగు గీత. తెల్లగ కనవడ్తుంది. వకీల్ సాబ్ బీరువ తలుపుల ఇరికించిండంట.

ఇంటికి తెచ్చి సూపిస్తే మా ఇంటామె అనసూయ ఏమన్నది? "వంకాయలు తెమ్మంటే పుచ్చులు ఏరుకొస్తవ్. గిది గూడ గట్లనే తెచ్చినవా?"

నాకు రోషమొచ్చింది. సెకండ్ హ్యాండ్ అయితే ఏంది, మంచిగ సూసుకుంటే ఫస్ట్ హ్యాండ్ లెక్కనే ఉంటది! ప్రతి ఆదివారం పొద్దుగాల పాత పేపర్ పరుస్త, తలుపు పెడ్త, ఎవ్వరినీ లోపటికి రానియ్య. ఖాళీగున్నదా లేదా మూడు సార్లు సూస్త. ఇగ బ్రష్, మెత్త గుడ్డ, సేట్ ఇచ్చిన నూనె సీసా. చిన్న పిల్లకు తానం పోసినట్టు తుడుస్త. మా అనసూయ కిటికీల నుంచి, "గంత ప్రేమ మా అమ్మకు మోకాళ్ల నొప్పులొచ్చినప్పుడు సూపియ్యలేకపోయినవ్" అంటది. అననియ్.

ఇంకొకటి. పిస్టల్ నంబర్ నాకు నోటికొచ్చు. నా ఫోన్ నంబర్ ఒక్కోసారి తప్పు చెప్త గానీ, పిస్టల్ నంబర్ నిద్రల లేపి అడిగినా చెప్త. ఆఖరికి నాలుగు, ఏడు, రెండు. కొంప ముంచింది గదే.

ఇగ వినుండ్రి. ఎలక్షన్ కోడ్ వడ్డదంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్ల జమ చేయాలె. ఎలక్షన్లు అయిపోయినంక పోయి తెచ్చుకోవాలె. పోయిన పెద్ద ఎలక్షన్లప్పుడు గట్లనే జమ చేసిన. అయిపోయినంక తెచ్చుకుందామని మా స్టేషన్‌కు వోతే గాడ జాతర లెక్క ఉన్నది. అందరు అదే దినం వచ్చిండ్రు. ఎండ! ఫ్యాన్ తిరుగుతుందో లేదో తెలుస్తలేదు. టేబుల్ మీద నల్ల రెగ్జిన్ సంచులు వరుసగ పెట్టిండ్రు, ఒక్కోదానికి పెద్దగ పేరు, కింద చిన్నగ నంబర్ రాసిన చీటీ దారంతోటి కట్టి ఉన్నది. నేను నా పేరు సూసి, సంచి జల్దీ గుంజిన. గుంజుడు గుంజుడే పక్క సంచి గూడ దాని వెంబడి వచ్చి, రెండు చీటీలు ఊడి కింద వడ్డయ్.

హెడ్ మేడం సూసింది. హెడ్ కానిస్టేబుల్, మస్తు స్ట్రిక్ట్ మనిషి. "నంబర్ చూసి ఎవరిది ఏదో చెప్పండి, తర్వాతనే కట్టండి" అన్నది. నా కండ్లద్దాలేమో బండి డిక్కీల ఉన్నయ్. బయటికి వోయి తెచ్చుకుంటే లైన్ పోతది.

"అవసరం లేదు మేడం. నంబర్ నాకు నోటికొచ్చు" అన్న.

"మీకొస్తే సరిపోతదా అండీ? పిస్టల్ మీద గూడ ఉండాలె గదా!"

ఎనుక నిలవడ్డోళ్లు నవ్విండ్రు. నాకు సిగ్గనిపించింది. రెండు సంచులు తెరిసి సూసిన. రెండు పిస్టళ్లు ఒక్కటే మోడల్, ఒక్కటే రంగు, అద్దాల్లేక గీత గూడ కనవడ్తలేదు. పట్టుకున్న. చెయ్యి చెప్తది గద! పదిహేడేండ్లు ఫౌజ్‌ల చేసిన చెయ్యి! "గిది నాది మేడం" అన్న. నా చీటీ దానికి కట్టిన. రెండో చీటీ రెండో దానికి గూడ, నేనే, నా చేతుల తోటి, గట్టిగ ముడేసి కట్టిన. మేడం ఇంకోళ్ల తోని కొట్లాడుతుంది, అటు తిరిగి ఉన్నది. సంతకం వెట్టి ఇంటికొచ్చిన.

వచ్చి అద్దాలు వెట్టుకొని సంచి తెరిస్తే... గీత లేదు!

సూడుండ్రి, గాడ నాకు అనుమానం రావాలె గద? ఎవనికైనా వస్తది. మా అనసూయ సాదుకునే మేకకైనా వస్తది. నాకు రాలే. నేనేమనుకున్ననో తెలుసా? రెండేండ్ల సంది రుద్దుతున్న నూనె ఇప్పుడు పనిజేసింది అనుకున్న! సంచిల కదలకుంట ఉన్నది గద, నూనె లోపటికి దిగింది, గీత మాసింది, ఖలాస్. అనసూయను పిలిసి సూపించిన. "పుచ్చు వంకాయ అన్నవ్ గదా, సూడు!"

ఆమె అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నిజంగనే పోయిందే! గట్లయితే మన బండికున్న గీతలు గూడ పోగొట్టు."

నెల దినాలు రుద్దిన, తమ్మీ, బండికి. నూనెకు దుమ్మంటుకొని బండి ఇంకా ఖరాబైంది గానీ గీతలు పోలే. "ఇనుము వేరు, పెయింట్ వేరు" అని అనసూయకు సమ్‌జాయించిన. మీకు గూడ గప్పుడే వాయిస్ పెట్టిన గద, 'ఎసొంటి గీతలైనా పోతయ్, ఓపిక ఉండాలె' అని. ఆరు నిమిషాల వాయిస్! యాదగిరి రెండు సీసాలు తెప్పించుకొని బీరువకు రుద్దుడు సురువు జేసిండు. మాఫ్ చెయ్యి తమ్మీ.

ఏడాది మీద గడిసింది. ప్రతి ఆదివారం అదే సేవ. ట్రిగ్గర్ మెత్తగైంది. నా సర్వీసింగ్ మహిమ అనుకున్న. పట్టుకునేకాడ రంగు జెర కొత్తగ కనవడ్డది. నూనె మహిమ. కంపెనీల సెక్యూరిటీ ఆఫీసర్ లైసెన్సు కాపీ వట్టుకొని, "మల్లేశం, వెపన్ నంబర్ చెప్పు" అంటే పిస్టల్ దిక్కు సూడకనే టకటక చెప్పిన. "శభాష్, ఫౌజీ అంటే గిట్లుండాలె" అని ఆయన సంతకం పెట్టిండు!

ఇగ మొన్న శుక్రవారం. సర్పంచ్ ఎలక్షన్ల కోడ్. మళ్ల జమ చేయాలె. పోయిన. అదే హెడ్ మేడం. సంచి తెరిసి, "అబ్బో! ఏందండీ, ఇంత మెరుస్తుంది!" అన్నది. ఇగ నన్ను ఆపేదెవరు? ఏ నూనె, ఎన్ని చుక్కలు, గుడ్డ ఎట్లుండాలె, అన్నీ చెప్పిన. ఎనుక లైన్ల ఒకాయన, "అన్నా, మా బర్రెను గట్టేసి వచ్చిన, జల్దీ కానియ్" అన్నడు. మేడం ఫోన్ లైట్ వెట్టి నంబర్ చదివింది. లైసెన్సు సూసింది. మళ్ల పిస్టల్ సూసింది.

"మల్లేశం గారూ... ఆఖరి మూడు అంకెలు ఏంది మీవి?"

"నాలుగు, ఏడు, రెండు."

"దీని మీద తొమ్మిది, ఒకటి, ఎనిమిది ఉన్నది."

నేను నవ్విన. "సక్కగ సూడు మేడం."

ఆమె నవ్వలే. అద్దాలు తీసుకొని నేనే సూసిన. తొమ్మిది. ఒకటి. ఎనిమిది. దిమాక్ పనిజేస్తలేదు. అబద్ధమెందుకు చెప్పాలె, ఒక్క నిమిషం నిజంగనే అనుకున్న, నూనెకు గీత వోయినట్టు నంబర్ గూడ మారిందేమో అని!

ఎస్సై సార్ కాడికి తోల్కపోయిండ్రు. పోరడు, నా కొడుకంత ఉంటడు. నన్ను కిందికెల్లి మీదికి సూసిండు. "ఫౌజ్‌ల చేసిండ్రు గదా?"

"చేసిన సార్."

"గాడ రైఫిల్ తీసుకునేటప్పుడు ఏం సూస్తరు?"

"బట్ నంబర్ సార్, రైఫిల్ కట్టె మీద రాసుంటది."

"సూడకుంటే?"

"పనిష్మెంట్ సార్."

"మరి గిది ఎవరిది? మీది యాడుంది?"

ఆయన మెల్లగనే చెప్పిండు, అదే భయం. లైసెన్సుల లేని పిస్టల్ మన కాడ ఉంటే కేసు. లైసెన్సుల ఉన్న పిస్టల్ మన కాడ లేకుంటే గూడ కేసు. నాకు రెండు దిక్కుల నుంచి తగిలింది! లైసెన్సు రద్దయితే నౌకరీ పోతది. గేటుకాడ లాఠీ గూడ ఇయ్యరు, కేసున్నోన్ని ఎవలు పెట్టుకుంటరు? బెంచీ మీద కూసున్న. అనసూయకు ఫోన్ జేసి, "జెర లేటైతది" అన్న. "ఎందుకు?" అన్నది. "లైన్ ఉన్నది" అన్న. లైన్ ఖాళీ అయి అర్ధగంటైంది.

మేడం పాత రిజిస్టర్ తీసి వెతికింది. తొమ్మిది వందల పద్దెనిమిది... దొరికింది! కామేశ్వర్రావు గారని, గోదావరి దిక్కాయన. ఈడ ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు చేసి రిటైరై, గిప్పుడు అల్లునితోటి కలిసి క్వారీ నడిపిస్తడు. పిస్టల్ తీసుకొని రమ్మని ఫోన్ జేసిండ్రు.

ఇగ నా పరిస్థితి సూడుండ్రి. ఆయన కాడున్నది నాదైతే బతికిన. ఆయన కాడ గూడ ఇంకెవలిదో ఉంటే? ఆ దినం నా ఎనుక లైన్ల ఇర్వై మంది ఉండె!

గంటకు వచ్చిండు. తెల్ల లాల్చీ, చేతిల సంచి. రాంగనే లొల్లి. "ఏవండీ ఎస్సై గారూ, నాది నా దగ్గరే ఉంటే వేరే వాళ్ల దగ్గర ఉందంటారేంటండీ? ఏడాదిగా మా ఆవిడ చీరల బీరువాలో ఉంది. నేను ముట్టుకుంటే ఒట్టు!"

సంచి తెరిసిండు. గదంతా గోలీల వాసన! అదే, చీరలల్ల పెడ్తరు గద, తెల్ల గోలీలు. పిస్టల్ అంతా ఎర్రగ తుప్పు. గంతల ఆయన పిస్టల్ తిప్పి, "ఇదిగోండి, ఈ గీత కూడా చూడండి. మా అల్లుడు పడేసి పెట్టాడు" అన్నడు.

గీత! నా గీత! చిటికెనేలంత, తెల్లగ!

బెంచీ మీదికెల్లి లేసిన. మేడం లైట్ వెట్టి ఒక్కో అంకె చదువుతుంది. నేను కండ్లు మూసుకొని ఆమె తోటే చెప్తున్న. నాలుగు... ఏడు... ఇగ ఆఖరి అంకె కాడ ఆమె ఆగింది. తుప్పు అడ్డం వచ్చింది, కనవడ్తలేదంట. గోటితోటి గీకింది. గా గీకినంత సేపు నా గుండె ఆగింది, తమ్మీ.

"రెండు" అన్నది.

మొక్కుదామనుకున్న, ఎవలికి మొక్కాలెనో తెల్వలే. మేడంకే మొక్కిన.

కామేశ్వర్రావు గారు ఇవన్నీ సూస్తలేడు. మెరిసే పిస్టల్ చేతిలకు తీసుకొని అటూ ఇటూ తిప్పుతున్నడు. "ఇది నాదా! దీనికి గీత లేదే... అంటే మా అల్లుడు శ్రీధర్... అయ్యబాబోయ్." కూలవడ్డట్టు కూసున్నడు.

సంగతి ఏందంటే, ఆ దినం స్టేషన్ నుంచి సంచి వట్టుకొని ఆయనను ఇంటికి తోల్కపోయింది అల్లుడే. ఇంటికి వోయి తెరిస్తే గీత. "నువ్వే పడేశావ్" అని మామ, "నేను సంచి కూడా తెరవలేదు" అని అల్లుడు. మాట మీద మాట. ఏడాది మీదాయె, ఇద్దరికి మాటల్లేవ్! ఒక్కటే క్వారీల పక్క పక్క కుర్సీలల్ల కూసుంటరంట, మాట్లాడేది మాత్రం లెక్కలు రాసే మునీం తోటి చెప్పిచ్చుకుంటరంట. "అల్లుడు మా ఇంట్లో కాఫీ కూడా తాగట్లేదండీ" అన్నడు పెద్దమనిషి, నా దిక్కు సూసి. నాకు నేల మీద నిలవడబుద్ధి కాలే.

ఎస్సై సార్ ఇద్దరి కాడ రాసి ఇప్పిచ్చుకున్నడు. ఎట్ల మారినయో నేను ఉన్నది ఉన్నట్టు రాసిన, నేనే చీటీలు కట్టిన అని గూడ. "పైకి రిపోర్ట్ పంపుత. రెండు దొరికినయ్ కాబట్టి మందలింపుతోటి పోతదనుకుంటున్న" అన్నడు. రెండు పిస్టళ్లు జమ చేసుకున్నరు. ఈసారి మేడం అద్దాలు పెట్టిచ్చి, నంబర్ నా నోటితోటి గట్టిగ చదివిచ్చి, ఫోటో గూడ కొట్టింది. బడి పిల్లగాని లెక్క చదివిన. కోడ్ అయిపోయినంక నాది నేను తెచ్చుకోవాలె, ఆ తుప్పు ఎట్ల పోతదో ఏమో.

బయటికి రాంగనే కామేశ్వర్రావు గారు నా చెయ్యి వట్టుకున్నడు. "మల్లేశం గారూ, ఆదివారం మా ఇంటికి రావాలండీ. అల్లుణ్ని పిలుస్తాను. నేను చెప్తే నమ్మడు, మీరే చెప్పాలి." గదే, మీకు గిన్ని దినాలు చెప్పకపోయిన కారణం. ఆ పని గాకముందు ఏం మొహం వెట్టుకొని చెప్పాలె?

ఇయ్యాల పొద్దుగాల పోయిన. జెర సక్కగ పోదామని చెప్పులు గూడ కడుక్కొని పోయిన. అల్లుడొచ్చి సోఫా చివర్ల కూసున్నడు, మామ దిక్కు సూస్తలేడు. పెద్దాయనకు సారీ చెప్పుడు నోరు వస్తలేదు. నన్ను సూపించి, "అబ్బాయ్, ఆ గీత ఈయనదే" అన్నడు. గంతే!

నేను లేసి నిలవడి, స్టేషన్ల రాసిచ్చింది మొత్తం అప్పజెప్పిన. "తప్పంతా నాదే సార్, మీది గాదు, మీ మామగారిది గూడ గాదు."

శ్రీధర్ సార్ నా దిక్కు తిరిగి, "ఏడాది నుంచి మీ గీతకి నేను మాటలు పడ్డానండీ" అన్నడు. నేను తల వంచుకున్న. లోపటి నుంచి అత్తమ్మ కాఫీ తెచ్చి అల్లుని ముందల వెట్టింది. ఆయన గ్లాసు సూసిండు. మామ కిటికీ సూసిండు. నేను ఆ గ్లాసునే సూస్తున్న. తీసుకున్నడు! తాగిండు! "చక్కెర తక్కువైందా?" అన్నడు మామ. మునీం లేకుండ, నేరుగ! అత్తమ్మ కొంగుతోటి కండ్లు తుడుసుకుంట లోపటికి వోయింది.

గంతల శ్రీధర్ సార్ నా పక్కకు జరిగి మెల్లగ, "అది సరేగానీ, మామయ్యగారి పిస్టల్ అంత మెరుస్తోందేంటండీ? ఏం నూనె? నా కారుకి కూడా ఓ గీత ఉంది" అన్నడు. నా నోట్లెకెల్లి "మస్తు పనిజేస్తది సార్" అని రాబోయింది. నాలుక కర్సుకున్న. అందరు నవ్వుకుంట మాట్లాడుతుండ్రు, ఇదే మంచి టైం అని లేసి, దండం వెట్టి, వాకిట్ల గబగబ చెప్పులేసుకొని బండెక్కి వచ్చేసిన. అగో, వచ్చి గీ కుర్సీల కూసొనే మీకు చెప్తున్న. ఇగ నాకు బుద్ధొచ్చింది తమ్మీ. ఏ సామానైనా సరే, సక్కగ సూడకుంట ఇగ ముట్ట...

ఏందే? ఆఁ, ఫోన్ల మాట్లాడుతున్న!

అనసూయ, వాకిట్ల నుంచి ఒర్లుతుంది. "ముచ్చట తర్వాత, ముందు ఇటు రా! గడపకాడ గీ చెప్పులు ఎవలియి? నీయి మడిమెకాడ అరిగిపోయి ఉండె గద, గివి కొత్తగున్నయి!"

వస్తున్ననే... బండి మీద కాళ్లకు మెత్తగనిపించింది గానీ... పొద్దుగాల కడిగిన గద, అందుకే గట్లయినయ్ అనుకున్న... ఆగుండ్రి తమ్మీ, కామేశ్వర్రావు గారు ఫోన్ జేస్తున్న—